మూడువేల గొట్టాల పాట

పిల్లలూ!

పోయిన నెల సినిమాబొమ్మ ఎట్లా కదులుతుందో చెప్పుకున్నాం గదా. అది చదివి ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నాకు ఉత్తరం రాసింది. "మాస్టారూ! పూర్వం సినిమాలకు మాటలూ లేవు, పాటలూ లేవు అన్నారు. మరి చీకట్లో గంటలకొద్దీ ఊరికే కూచున్నవాళ్లకు నిద్ర వచ్చేది కాదా?" అని అడిగింది.

ప్రశ్న బాగున్నది. జవాబు ఇంకా బాగుంటుంది.

బొమ్మ మూగదేగాని, సినిమాహాలు ఏనాడూ మూగది కాదు. మన దేశంలో మూకీల కాలంలో తెర దగ్గర హార్మోనియం, తబలా పెట్టుకుని వాద్యగాళ్లు కూచునేవారు. తెరమీద గుర్రం పరుగెత్తితే తబలా పరుగెత్తేది. తెరమీద తల్లి ఏడిస్తే హార్మోనియం ఏడ్చేది. కొన్నిచోట్ల ఒకాయన నిలబడి కథ కూడా చెప్పేవాడు. 1932లో "భక్త ప్రహ్లాద" వచ్చి తెలుగుబొమ్మ నోరు విప్పేదాకా మనవాళ్లు చూచిన సినిమా ఇట్లాంటిదే.

అమెరికాలోనూ మొదట ఇంతే. హార్మోనియం బదులు పియానో, అంతే తేడా. అయితే పోను పోను అక్కడ హాళ్లు పెద్దవయినవి. రెండువేలమంది, నాలుగువేలమంది కూచునే హాళ్లు కట్టారు. అంత హాల్లో ఒక్క పియానో వాయిస్తే వెనక వరసవాడికి ఏం వినపడుతుంది? పోనీ నలభై మంది మేళాన్ని పెట్టుకుందామంటే రోజుకు ఎన్నో ఆటలు, వారం తిరిగేసరికి నలభై జీతాలు. హాళ్ల యజమానులు లెక్కలు వేసుకున్నారు. నలభైమంది పనిని ఒక్కడే చేయగల వాయిద్యం ఉంటే బాగుండు ననుకున్నారు. ఆ అవసరంలోంచి వచ్చినదే సినిమా ఆర్గన్. ఈ నెల ముచ్చట దాన్ని గురించే.

దాన్ని నేను కళ్లారా చూచాను. 2019 వేసవిలో మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లాను. వాడు అట్లాంటా నగరానికి దగ్గర్లో ఉంటాడు. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. కూరగాయల కొట్లో గోంగూర కూడా దొరుకుతుంది. ఒకనాటి సాయంకాలం మా కోడలు, "మామయ్యగారూ, మీకు పాత వస్తువులంటే ఇష్టం గదా, పదండి" అని పిల్లలతోపాటు నన్నూ ఫాక్స్ థియేటరుకు బయలుదేరదీసింది.

అది 1929 డిసెంబరు 25న తెరిచిన హాలు. 4,600 కుర్చీలకు పైనే ఉన్నవి. లోపలికి అడుగుపెట్టి తల ఎత్తి చూతును గదా, పైకప్పు లేదు! ముదురు నీలం ఆకాశం, అందులో మిణుకుమిణుకుమనే చుక్కలు. చుట్టూ కోటగోడలు. ఏదో అరబ్బుల కోట నడిమి ముంగిట్లో, ఆరుబయట కూచున్నట్టున్నది. చాలాసేపు చూచాకగాని అది కూడా కప్పేననీ, ఆ చుక్కలు దీపాలనీ తెలియలేదు.

సినిమాకు ముందు ఒక వింత జరిగింది. వేదిక ముందరి గుంటలోంచి, గుర్రపు నాడా ఆకారంలో ఉన్న పెద్ద బల్ల ఒకటి మెల్లిగా పైకి లేచింది. బల్ల ముందు ఒక మనిషి కూచుని ఉన్నాడు. పైకి వస్తూ వస్తూనే వాయిస్తున్నాడు! మన హార్మోనియానికి మెట్లు ఒక్క వరసేగదా. ఆ బల్లకు ఒకదానిమీద ఒకటిగా నాలుగు వరసలు. అవి చాలవన్నట్టు కాళ్లకింద చెక్కమెట్లు మరొక వరస. చేతులు రెండూ పైన, కాళ్లు రెండూ కింద. తెరమీద పాట మాటలు పడుతుంటే హాల్లో వాళ్లంతా గొంతెత్తి పాడారు. నాకా పాటలు రావు. పక్కవాళ్లు ఏమైనా అనుకుంటారని పెదవులు మాత్రం కదిలిస్తూ కూచున్నాను.

మా మనవరాలు నా చొక్కా పట్టి లాగింది. "తాతయ్యా, ఇంత చప్పుడూ ఆ బల్లలోంచే వస్తున్నదా?" అన్నది.

పిల్లలూ, అసలు సంగతి అక్కడే ఉన్నది. ఆ బల్లలో చప్పుడు చేసేది ఏమీ లేదు! దాన్ని కన్సోలు అంటారు. అందులో ఉన్నవి ఉత్త మీటలు, విద్యుత్తు తీగలు. పాడే గొట్టాలు ప్రేక్షకులకు కనపడవు. వేదికకు అటూ ఇటూ, జాలీల వెనక దాచిన గదుల్లో ఉంటవవి. ఫాక్స్ థియేటరులో అట్లాంటి గొట్టాలు 3,622 ఉన్నవి. ఒకే రకం గొంతు గల గొట్టాలన్నీ ఒక వరస అనుకుంటే, మొత్తం 42 వరసలు.

అన్ని గొట్టాలు ఎందుకు? ఎందుకంటే ఒక్కొక్క గొట్టానికి ఒక్కటే స్వరం వచ్చును. మన వేణువుకు కన్నాలు ఉన్నవి. వేళ్లతో మూస్తూ తెరుస్తూ ఒకే వేణువుమీద అన్ని స్వరాలూ పలికిస్తాం. ఆర్గన్ గొట్టానికి వేళ్లు పెట్టేవాళ్లెవరు? అందువల్ల 'స'కు ఒక గొట్టం, 'రి'కి ఒక గొట్టం, 'గ'కు మరొకటి, ఇట్లా కట్టుకుంటూ పోవాలి. గొట్టం పొడుగయితే స్వరం మందరం, పొట్టిదయితే తారం. రెండు కొసలూ తెరిచి ఉన్న 8 అడుగుల గొట్టంలో గాలి సెకనుకు దాదాపు 65 సార్లు ఊగుతుంది. 16 అడుగుల గొట్టంలో అందులో సగమే, 33 సార్లు. మన పెన్సిలు కంటే పొట్టి గొట్టాలు కూడా ఉంటవి. అవి పిచ్చుక కూనల్లాగా కీచుమంటవి.

గొట్టాల్లో ముఖ్యంగా రెండు జాతులు ఉన్నవి. ఒకటి వేణువు జాతి. సన్నని సందులోంచి వచ్చిన గాలి, గొట్టం పెదవి అంచుకు తగిలి, లోపలి గాలిని ఊపుతుంది. రెండవది సన్నాయి జాతి. దీనిలో పలచని ఇత్తడి నాలుక ఉంటుంది. గాలి తగలగానే ఆ నాలుక కొట్టుకుంటుంది. మా చిన్నప్పుడు బొప్పాయి ఆకు కాడ కోసి, కొసన చీలిక పెట్టి బూర ఊదేవాళ్లం. ఊరంతా ఆ గోల భరించలేక తిట్టేది. అది ఈ రెండో జాతిదే.

ఇంకొక చిత్రం చెపుతాను. గొట్టం పై కొసను బిరడాతో మూసేస్తే స్వరం పెరుగుతుందా, తగ్గుతుందా? నేను బడిలో ఈ ప్రశ్న ఎప్పుడు అడిగినా సగానికి పైగా పిల్లలు "పెరుగుతుంది" అనేవారు. కాదు, తగ్గుతుంది. మూసిన గొట్టంలో గాలి ఊపు ఒక చుట్టు పూర్తి చేయాలంటే రెండింతల దూరం పోయి రావలసి ఉంటుంది. అందుచేత 8 అడుగుల మూసిన గొట్టం 16 అడుగుల తెరిచిన గొట్టం పాడే స్వరాన్నే పాడుతుంది. ఇరుకు గదుల్లో ఆర్గన్లు బిగించేవాళ్లకు ఇది ఎంత ఉపకారమో చూడండి! కొయ్యతో చేసి, కొస మూసిన వేణువు జాతి గొట్టాలే సినిమా ఆర్గన్‌కు అసలు గొంతు. వాటికిచ్చే గాలిని ఒక యంత్రం అదేపనిగా కంపింపజేస్తూ ఉంటుంది. మన గాయకులు గమకం వేసినట్టు ఆ స్వరం అలలు అలలుగా వస్తుంది. ఒకసారి విన్నవాళ్లు మళ్లీ ఎక్కడ విన్నా పోల్చుకుంటారు.

గొట్టాల ఆర్గన్ కొత్తది కాదు. చర్చీల్లో అది కొన్నివందల ఏళ్లనుంచి ఉన్నది. మెట్టు నొక్కితే కర్రలూ కమ్మీలూ కదిలి గొట్టం అడుగున ఉన్న మూత తెరుచుకునేది. అంటే మెట్లు ఉన్నచోటికి గొట్టాలు దగ్గరగా ఉండి తీరాలన్నమాట. ఈ ముడిని విప్పినవారిలో ముఖ్యుడు రాబర్ట్ హోప్-జోన్స్ అనే ఇంగ్లీషువాడు. 1859లో పుట్టాడు. ఆయన ఉద్యోగం ఏమిటో తెలుసా? టెలిఫోన్ కంపెనీలో ఇంజనీరు! టెలిఫోను తీగలో మాట పోగా లేనిది, ఆర్గన్ మెట్టు కబురు పోదా అనుకున్నాడు. 1880 దశకంలో బిర్కెన్‌హెడ్ అనే ఊళ్లో చర్చి ఆర్గన్‌కు విద్యుత్తు తీగలు అమర్చాడు. మెట్ల బల్లను చర్చి ఆవరణలోకి తెచ్చి ఆరుబయట కూచుని వాయిస్తే, లోపల గొట్టాలు పలికినవట.

అదెట్లా పనిచేస్తుందో నిదానంగా చెపుతాను, కాస్త మనసు పెట్టండి. వాయించేవాడు మెట్టు నొక్కగానే కొద్దిపాటి విద్యుత్తు తీగవెంట పోయి, గొట్టం కింద ఉన్న చిన్న విద్యుదయస్కాంతాన్ని మేలుకొలుపుతుంది. ఆ అయస్కాంతానికి పెద్ద మూతను ఎత్తే బలం లేదు. అది వేలి గోరంత రేకును మాత్రం లాగగలదు. రేకు కదిలితే సన్నని దోవ ఒకటి తెరుచుకుంటుంది. ఆ దోవన గాలి బయటికి పోయి, పలచని తోలుతిత్తి ఒకటి చప్పబడుతుంది. తిత్తి చప్పబడటంతో దానికి తగిలించిన మూత కిందికి దిగి, గొట్టంలోకి గాలి దూసుకుపోతుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. విద్యుత్తు చేసేది చిన్న సైగ, బరువుపని అంతా గాలిది. నేలమాళిగలో పెద్ద మోటారు పంకా ఒకటి తిరుగుతూ ఆ గాలిని సరఫరా చేస్తుంది. చర్చి ఆర్గన్లలో గాలి ఒత్తిడి సాధారణంగా 3, 4 అంగుళాల నీటిని నిలబెట్టేటంత. సినిమా ఆర్గన్లలో 10 అంగుళాలు, కొన్ని గొట్టాలకు ఇంకా ఎక్కువ. అందుకే దానికి అంత గొంతు.

హోప్-జోన్స్ టెలిఫోను బుద్ధి ఇంకొక విధంగా కూడా పనికివచ్చింది. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఏ ఇంటి తీగను ఏ ఇంటికైనా కలుపుతారు గదా. అట్లాగే ఏ మెట్టును ఏ గొట్టానికైనా కలిపే ఏర్పాటు చేశాడు. ఒకే గొట్టం ఒక మీట వేస్తే మందరానికి, మరొక మీట వేస్తే తారానికి పనికివస్తుంది. తక్కువ గొట్టాలతో ఎక్కువ పని! పొదుపు తెలిసిన ఇల్లాలు ఒకే పప్పును ఒకపూట పులుసుకూ, ఒకపూట పొడికీ వాడినట్టు. ఆయన 1903లో అమెరికా పోయి సొంత కర్మాగారం పెట్టాడు. అది నిలవలేదు. 1910లో వుర్లిట్జర్ అనే కంపెనీ ఆయన పనిని కొనుక్కున్నది. 1914లో ఆయన చనిపోయాడు. తన వాయిద్యానికి వచ్చిన వైభవం పాపం ఆయన చూడలేదు. ఆ తరువాత వుర్లిట్జర్ వారు 2,200కు పైగా ఆర్గన్లు తయారుచేశారు. జనం వాడుకలో సినిమా ఆర్గన్ అంటే వుర్లిట్జర్ అనే పేరు పడిపోయింది. నేను చూచిన అట్లాంటా ఆర్గన్ మాత్రం మోల్లర్ అనే మరొక కంపెనీవారు చేసినది.

సినిమా అన్నాక గొట్టాల పాట ఒక్కటే చాలదు గదా. అందుకని గదుల్లో నిజమైన డోళ్లు, తాళాలు, గంటలు కూడా పెట్టారు. గాలితో కదిలే పుల్లలు వాటిని వాయిస్తవి. రైలు కూత, మోటారుకారు హారను, తలుపుగంట, ఉరుము కూడా ఉన్నవి. గుర్రపు డెక్కల చప్పుడుకు కొబ్బరిచిప్పల వంటి దొప్పలు. నాకు అన్నింటికంటె నచ్చినది పక్షి. చిన్న ఈలగొట్టాన్ని తలకిందులుగా ఒక గిన్నెలోని నీళ్లలో ముంచి ఉంచుతారు. గాలి తగిలితే నీళ్లు కదిలి కిలకిలారావం వస్తుంది. గిన్నెలో నీళ్లు ఆరిపోతే పక్షి కూయదు. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని పోస్తూ ఉండాలి.

ఇంత వైభవానికీ ఆయుష్షు ఎంతో తెలుసా? గట్టిగా పదిహేను, ఇరవై ఏళ్లు. 1927 అక్టోబరులో "ది జాజ్ సింగర్" అనే సినిమా వచ్చింది. తెర మాట్లాడటం మొదలుపెట్టింది. రెండు మూడేళ్లు తిరిగేసరికి హాళ్లవాళ్లకు ఆర్గన్‌తో పని లేకపోయింది. దానికితోడు 1929 నుంచి అమెరికాను ఆర్థికమాంద్యం పట్టుకున్నది. వాయించేవాళ్లు ఇళ్లకు పోయారు. బల్లలు గుంటల్లోకి దిగిపోయినవి. గదులకు తాళాలు పడ్డవి.

ఇంగ్లండులో కొన్ని బతికి బట్టకట్టినవి. బ్లాక్‌పూల్ అనే సముద్రతీరపు ఊళ్లో రెజినాల్డ్ డిక్సన్ అనే ఆయన నాట్యశాలలో 1930 నుంచి 1970 దాకా, నలభై ఏళ్లు వుర్లిట్జర్ వాయించాడు. అక్కడ ఇప్పటికీ దాని పాటకు జనం జంటలుగా నాట్యం చేస్తారు. అమెరికాలో మాత్రం హాళ్లే కూలిపోవటం మొదలుపెట్టినవి. న్యూయార్కులో రాక్సీ అనే మహాసౌధం 1927లో కట్టారు, 1960లో పడగొట్టారు. దాని వయసు ముప్ఫైమూడేళ్లు! మీ ఊళ్లో రావిచెట్టు కింద అరుగు కూడా దానికంటే పాతదై ఉంటుంది. అదే న్యూయార్కులో పారమౌంట్ థియేటరు ఆర్గన్ పేరుపొందినది. హాలు పోయినా ఆర్గన్ మిగిలి, ఇప్పుడు కాన్సాస్ రాష్ట్రంలో విచిటా నగరపు సభాభవనంలో పలుకుతున్నది. 1927లో డెన్వర్ థియేటరు కోసం చేసిన మరొక వుర్లిట్జర్ కథ వింటే మీరు నవ్వుతారు. అది ఆరిజోనాలో ఒక పిజ్జా దుకాణం చేరింది! అక్కడ దానికి ఇంకా గొట్టాలు కలిపి కలిపి దాదాపు ఆరువేలు చేశారు. జనం పిజ్జా తింటూ వింటారు. సంగీతానికి ఇది మర్యాదేనా అని నాకు మొదట కోపం వచ్చింది. ఆలోచించి చూస్తే, తాళం వేసిన గదిలో ఎలుకలకు విందు కావటం కంటే పిజ్జావాళ్లకు విందు కావటం నయం కాదూ?

ఎలుకల మాట ఎందుకు వచ్చిందో చెపుతాను. అది నా తప్పు కథ.

నేను హెడ్మాస్టరుగా ఉన్న ఒక బడిలో పాత హార్మోనియం ఉండేది. ఊళ్లో ఎవరో దాత ఇచ్చినది. పిల్లలు దాన్ని ఊరికే మీటేవారు. ఒకనాడు మెట్టు ఒకటి విరిగింది. నాకు కోపం వచ్చి, దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. పాటలు నేర్పే పంతులమ్మ రెండుసార్లు వచ్చి తాళంచెవి అడిగింది. "వద్దులెండమ్మా, పదిలంగా ఉండనీయండి" అన్నాను. పదిలంగానే ఉన్నదని నేననుకున్నాను. ఆరేళ్ల తరువాత వార్షికోత్సవానికని తీస్తే తిత్తిని ఎలుకలు కొట్టేసినవి. చెమ్మకు మెట్లు ఉబ్బి కదలటం లేదు. పిల్లలు విరగ్గొట్టినది ఒక్క మెట్టు. నేను పాడుచేసినది మొత్తం పెట్టె. పంతులమ్మ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆర్గన్లకు కూడా ఇదే తెగులు. వాటి గొట్టాలు తగరం, సీసం కలిపిన మెత్తని లోహంతోనో, కొయ్యతోనో చేసినవి. జాగ్రత్తగా ఉంచితే వందల ఏళ్లుంటవి. ముందుగా చచ్చేది తోలుతిత్తి. గొర్రెపిల్ల తోలుతో చేసిన తిత్తులు ఒక్క ఆర్గన్‌లో వేలకొద్దీ ఉంటవి. కొన్ని దశాబ్దాలకు ఆ తోలు ఎండి, పెళుసుబారి, పిగిలిపోతుంది. తిత్తి పిగిలితే ఆ గొట్టం పిలిచినా పలకదు, లేదా పిలవకుండానే కూస్తూ ఉంటుంది. కప్పు కారితే నీళ్లు, కప్పు రాలితే సున్నం. విద్యుత్తు తీగల కొసలకు వాడకపోతే మకిలి పడుతుంది. ఇంకొక సంగతి. గది వేడెక్కితే వేణువు జాతి గొట్టాల శ్రుతి పైకి పోతుంది, సన్నాయి జాతి అంతగా కదలదు. రెండూ కలిసి పాడితే చెవులు మూసుకోవలసిందే. కాబట్టి శ్రుతి చేసే మనిషి తరచు రావాలి. ఒకడు బల్ల దగ్గర కూచుని మెట్టు నొక్కి పట్టుకుంటాడు. మరొకడు గదిలో నిచ్చెనెక్కి గొట్టాన్ని సవరించి, "ఊఁ, తరువాతది!" అని కేకవేస్తాడు. ఇట్లా గొట్టం తరువాత గొట్టం.

ఈ పనికి పూనుకున్నవాళ్లు చాలావరకు జీతగాళ్లు కారు, ఇష్టం కొద్దీ వచ్చినవాళ్లు. 1955లో అమెరికాలో వాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు దాని పేరు అమెరికన్ థియేటర్ ఆర్గన్ సొసైటీ.

అట్లాంటా ఆర్గన్ కూడా 1950 దశకంలో మూగబోయింది. జో పాటెన్ అనే ఆయన, హాలు వారి అనుమతి పుచ్చుకుని, స్నేహితులను పోగుచేసుకుని దాన్ని బాగుచేయటానికి దిగాడు. నెలల తరబడి పనిచేశారు. 1963లో అది మళ్లీ పలికింది. రేడియోలో పనిచేసే బాబ్ వాన్ క్యాంప్ అనే ఆయన వాయించాడు. ఊరివాళ్లు వచ్చి విన్నారు, గొంతు కలిపారు. 

పదకొండేళ్లు గడిచినవి. పెద్ద హాళ్లకు రాబడి తగ్గింది. 1974లో ఒక కంపెనీ ఆ స్థలంలో తన కార్యాలయం కట్టుకోవాలని బేరం పెట్టింది. 1975లో హాలు మూశారు. ఇక పలుగూ పారా రావటమే తరువాయి. అప్పుడు ఊరు ఊరంతా అడ్డం తిరిగింది. సంతకాలు చేశారు, వీధుల్లోకి వచ్చారు, చందాలు పోగుచేశారు. లాభం కోరని సంస్థను ఒకదాన్ని పెట్టి, అప్పు చేసి హాలు కొన్నారు. 1978 నాటికి పద్దెనిమిది లక్షల డాలర్ల బాకీ తీర్చేశారు. ఆ పోరాటంలో ముందు నడిచినవారిలో జో పాటెన్ ఒకడు. ఒక్క ఆర్గన్ వల్లనే హాలు నిలిచిందని నేననను. అందమైన కట్టడం, ఎందరి జ్ఞాపకాలో ఉన్న చోటు. కాని పన్నెండేళ్లు ముందుగా గదుల తాళాలు తీసి, ప్రతి మూలా తెలుసుకున్న మనిషి ఒకడు ఉండబట్టి ఆ పోరాటానికి బలం వచ్చింది.

ఆయనకు హాల్లోనే ఒక వాటా ఇచ్చారు. అక్కడే కాపురం ఉన్నాడు. 1996లో ఒకనాడు హాల్లో నిప్పు అంటుకుంటే, లోపలే ఉన్న జో పాటెన్ ముందుగా కనిపెట్టాడు. అందువల్ల కబురు సకాలంలో అంది, మంట హాలుకు పాకకుండా ఆగింది. 2016లో ఆయన చనిపోయాడు.

మీలో ఒకరు అడగబోయే ప్రశ్న నాకు ఇప్పుడే వినపడుతున్నది. "మాస్టారూ, ఈ చప్పుళ్లన్నీ మా నాన్నగారి ఫోన్లోనే వినవచ్చు గదా, ఇంత శ్రమ ఎందుకు?" అంటారు. వినవచ్చు. నేనూ ఇంటికి వచ్చాక విన్నాను. పాట అదే, స్వరాలు అవే. కాని ఆ రోజు హాల్లో 16 అడుగుల గొట్టం పలికినప్పుడు నేను దాన్ని చెవితో వినలేదు. కుర్చీ చేతిమీద పెట్టిన నా అరచేతికి వినిపించింది. రొమ్ములో ఊపిరి కదిలింది. మా మనవరాలు పొట్టమీద చెయ్యి పెట్టుకుని, "తాతయ్యా, లోపల ఎవరో ఉన్నారు!" అన్నది. ఫోను ఆ పని చేయలేదు. నలభై రెండు వరసల గొట్టాల గాలి ఒక్కసారి గదిలోంచి బయటికి వస్తే అది చప్పుడు మాత్రమే కాదు, నిజంగా గాలే.

బాగుచేసేవాళ్లలో కూడా వాదాలు ఉన్నవి. పాత తీగలు తీసేసి కంప్యూటరు పెట్టవచ్చునా? విరిగిన గొట్టం బదులు ఎలక్ట్రానిక్ గొంతు పెట్టవచ్చునా? ఎవరి పట్టు వారిది. నన్నడిగితే కబురు మోసే తీగను మార్చినా ఫరవాలేదంటాను. పాడే గొంతును మార్చకూడదు. గాలి పోయి గొట్టం పలకాలి.

ఇండియాకు తిరిగి వచ్చిన తరువాత ఆ పాత బడికి వెళ్లాను. ఇప్పటి హెడ్మాస్టరుగారు నా శిష్యుడే. బీరువా తెరిపించి, హార్మోనియాన్ని గుంటూరు తీసుకుపోయి మరమ్మతుదారుకు ఇచ్చాను. ఆయన ఉఫ్ మని దుమ్ము ఊది, "రీడ్లు బంగారంలాగున్నవి మాస్టారూ, తిత్తే పోయింది" అన్నాడు. కొత్త తిత్తి వేశాడు. రెండు రీడ్లు మాత్రం మార్చాడు. ఇప్పుడది ప్రార్థన జరిగే వరండాలో బల్లమీద ఉన్నది. తాళం లేదు. పోయిన నెల మళ్లీ ఒక మెట్టు విరగ్గొట్టారట. బాగుచేయించారు కూడా.

ఉత్తరం రాసిన అమ్మాయీ, వాళ్లకు నిద్ర ఎందుకు రాలేదో తెలిసింది గదా?

ఇక అందరికీ ఒక పని. జ్యూసు తాగే గొట్టం ఒకటి తీసుకోండి. ఒక కొస చప్పగా నొక్కి, కత్తెరతో రెండువైపులా ఏటవాలుగా కత్తిరించి ముక్కులాగా చేయండి. ఆ ముక్కును పెదవుల మధ్య పెట్టుకుని గట్టిగా ఊదండి. మొదట ఉత్త గాలి వస్తుంది, విసుగుపడవద్దు. బూర మోగినాక, ఊదుతూనే రెండవ కొసను అంగుళం అంగుళం కత్తిరించమని పక్కవాళ్లకు చెప్పండి. కత్తెర మాత్రం పెద్దవాళ్ల చేతిలో ఉండాలి సుమా! ఇంకొక గొట్టాన్ని కత్తిరించకుండా, దాని నోటికి అడ్డంగా ఊది, కింది కన్ను ఒకసారి తెరిచి, ఒకసారి వేలితో మూసి చూడండి. ఏ పొడుగుకు ఏ స్వరం వచ్చిందో, మూస్తే ఎంత దిగిందో మీ హార్మోనియంతోనో శ్రుతిపెట్టెతోనో సరిపోల్చి రాసి పంపండి. ఉత్తరంమీద మీ తరగతి రాయటం మరిచిపోకండి.